సూదమ్మకు వేసిన స్టూలు

సూదమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆ కోల్డ్ స్టోరేజీలో అందరూ అంటారు. అది అన్యాయమైన మాట. ఆవిడ కోపం ముక్కు మీద కాదు, చేతిలో ఉంటుంది. జానెడు పొడవు స్టీలు సూది, దాని వెనక అంకెలు చూపించే చిన్న డబ్బా. పందొమ్మిదేళ్లుగా ఆవిడ చేసే పని ఒక్కటే. ఓడెక్కి పరాయి దేశం పోవాల్సిన రొయ్యల పెట్టెకు డ్రిల్లుతో కన్నం వేసి, గడ్డకట్టిన సరుకులోకి ఆ సూది గుచ్చి, రెండు నిమిషాలు ఆగి, లోపల ఎంత చలి ఉందో షీటు మీద రాయడం. మైనస్ పద్దెనిమిది గానీ అంతకన్నా చల్లగా గానీ ఉంటే సంతకం పెడుతుంది. పదిహేడున్నర ఉంటే పెట్టదు. ఆ సంతకం లేనిదే కంటైనర్ తలుపుకు సీలు పడదు, సీలు పడనిదే లారీ కదలదు, ఓడ సంగతి సరేసరి, అది ఎవరి కోసమూ ఆగదు.

అందుకని ప్రపంచంలోని ఆలస్యమంతా ఆవిడ వల్లే జరుగుతున్నట్టు అందరూ ఆవిడ మీదే పడేవారు. డ్రైవర్లు హారన్ మీంచి చెయ్యి తీసేవారు కాదు. మేనేజర్ నిమిషానికోసారి గడియారం చూసుకుంటూ, ఒక్క అర డిగ్రీయే కదమ్మా, చూసీచూడనట్టు పొమ్మని బతిమాలేవాడు. అర డిగ్రీ నా ఇంట్లోదైతే ఇచ్చేదాన్ని సార్ అని ఆవిడ పెట్టెలు వెనక్కి పంపేది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. ఆవిడ భర్త దర్జీ. మా ఇంట్లో రెండు సూదులున్నాయి, నాది అతుకులు వేస్తుంది, ఆవిడది కన్నాలు పెడుతుంది అని తన కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. కంటైనర్‌కు మూడు పెట్టెలు చూడాలి. ముందు ఎక్కేవాటిలో ఒకటి, మధ్యవాటిలో ఒకటి, తలుపు దగ్గరవాటిలో ఒకటి. ఆ మూడూ సూది పట్టుకున్న మనిషే చలిగదిలోకి వెళ్లి, తన ఇష్టం వచ్చిన వరుసలోంచి తీయించాలి. మరొకళ్లు ఎంచి తెచ్చి ముందు పెడితే అది పరీక్ష కాదు, వడ్డన. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆ ముక్క చెప్పేది కూడా సూదమ్మే.

ఏడాది కిందట ఆవిడ వేళ్ల కణుపులు వాచిపోయాయి. పొద్దున్నే జాకెట్టు గుండీ పెట్టుకోవడానికి కూడా భర్తను పిలవాల్సి వచ్చేది. చలిలోకి పోవడం తగ్గించమని డాక్టర్ గట్టిగా చెప్పాడు. తగ్గించడానికి అది ఉప్పా, కారమా? అక్కడ ఉన్నదే చలి. ఆ చిరాకంతా డ్రిల్లు మీద, పెట్టెల మీద, ఎదురొచ్చినవాళ్ల మీద చూపించేది. అప్పుడు లోడింగు మేస్త్రీ ఒక మంచి పని చేశాడు. మేస్త్రీ ఎవరో కాదు, ఆవిడ సొంత మరిది. ఆవిడ ఆ ఇంటి కోడలిగా వచ్చేనాటికి నిక్కరు వేసుకుని బడికి పోయేవాడు. పెద్దయ్యాక ఆవిడే మేనేజర్ కాళ్లావేళ్లా పడి ఉద్యోగం వేయించింది. అతను చలిగది బయట, ప్లాస్టిక్ తెరలకు ఇవతల, ఒక బల్ల, ఒక స్టూలు వేయించాడు. నువ్వు ఇక్కడ కూర్చో వదినా, పెట్టెలు మేమే తెచ్చి నీ ముందు పెడతాం అన్నాడు.

సూదమ్మ రెండు రోజులు ఆ స్టూలు వంక చూడలేదు. మూడో రోజు వేళ్లు బొత్తిగా ముడుచుకోకపోతే, ఇవాళ ఒక్కరోజే అనుకుని కూర్చుంది. ఆ ఒక్కరోజు ఏడాది సాగింది.

ఆ ఏడాదిలో ఆవిడ వెనక్కి పంపిన పెట్టె ఒక్కటీ లేదు. ఏది గుచ్చినా మైనస్ ఇరవై, ఇరవై ఒకటి. తన భయానికి అందరూ దారికొచ్చారనుకుంది. పిచ్చిది, కాస్త పొంగిపోయింది కూడా.

నెలన్నర కిందట సముద్రం అవతలి నుంచి కబురొచ్చింది. ఒక కంటైనర్ సరుకు అంచుల్లో మెత్తబడి, మళ్లీ గడ్డకట్టి, పెట్టెలు వంకర్లు తిరిగి ఉందనీ, తాము తీసుకోబోమనీ. మేనేజర్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఎక్కేటప్పుడు సరుకు మైనస్ ఇరవై ఉందని సూదమ్మ షీటు చెబుతోంది. దిగేటప్పుడు పాడైంది. మధ్యలో ఏదో జరిగింది. మధ్యలో ఉన్నది ప్లగ్గు బాబాయి.

బాబాయి కంటైనర్ల మెకానిక్కు. ప్రతి కంటైనర్ నుదుట ఒక చలి మిషను ఉంటుంది. లారీ వచ్చేదాకా యార్డులో నిలబడ్డ కంటైనర్లకు కరెంటు ప్లగ్గు పెట్టి, నాలుగు గంటలకోసారి మిషను చెప్పే అంకె పుస్తకంలో రాసుకోవడం ఆయన పని. రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. సూదమ్మను అమ్మాయ్ అనేవాడు, ఆవిడ బాబాయ్ అనేది. అంతకుమించి చుట్టరికం లేదు గానీ, మధ్యాహ్నం ఇద్దరూ టిఫిన్ డబ్బాలు ఒకే బల్ల మీద విప్పేవారు.

మీటింగులో బాబాయి తన పుస్తకం తెరిచి ఓపిగ్గా చెప్పాడు. ఈ కంటైనర్ చలిని పుట్టించదు, లోపలున్న చలికి కాపలా కాస్తుంది, అంతే. దీని మిషను మొదటి గంట నుంచీ గొంతు చించుకుంటూనే ఉంది, లోపలి గాలి వెచ్చగానే తిరిగొస్తోంది. అంటే సరుకు వెచ్చగానే ఎక్కింది. మేనేజర్ వినలేదు. అప్పుడు బాబాయి సూదమ్మ వైపు తిరిగాడు.

"ఆ పెట్టెలు నువ్వే లోపలికి వెళ్లి ఎంచావా, అమ్మాయ్?"

అడిగింది చిన్న మాట. అవుననో కాదనో చెప్పాలి. సూదమ్మకు మాత్రం ఒళ్లు భగ్గుమంది. పదిమందిలో, తన పందొమ్మిదేళ్ల పనిని పట్టుకుని అంత మాటా?

"అంటే నేను దొంగరాతలు రాస్తున్నాననా? నా సూది అబద్ధం చెప్పదు. మీ మిషను సంగతి మీరు చూసుకోండి," అంది.

బాబాయి పుస్తకం మూసేశాడు. వారం తిరక్కుండా ఆయన్ని పనిలోంచి తీసేశారు. అశ్రద్ధ అని కాగితం మీద రాసి మరీ పంపారు. ముప్పై ఏళ్లు ప్లగ్గులు పెట్టిన మనిషి ఆ కాగితం మడిచి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని గేటు దాటాడు. సూదమ్మ అటు చూడకుండా డ్రిల్లు తుడుచుకుంటూ కూర్చుంది.

అక్కడితో ఆవిడకు నిమ్మళించాలి. నిమ్మళించలేదు. ఆ ప్రశ్న ముల్లులా దిగబడిపోయింది. గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చేది, బస్సు ఎక్కుతుంటే గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా బాబాయి మీదే కోపం వచ్చేది. తప్పు చేసింది ఆయనైతే నిద్ర పట్టనిది నాకెందుకని భర్తతో గొడవ పెట్టుకునేది. భర్త నోట్లో సూది పెట్టుకున్నట్టు నటించి మాట్లాడకుండా తప్పించుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం రెండో కంటైనర్ లోడింగు ముగుస్తోంది. రేవులో గేటు అయిదింటికి మూసేస్తారు. మూడో పెట్టె బల్ల మీదికొచ్చింది. సూదమ్మ ఎప్పటిలాగే అంచు నుంచి నాలుగు వేళ్లు కొలిచి డ్రిల్లు పెట్టింది. గడ్డలోకి దిగేటప్పుడు డ్రిల్లు కీచుమంటుంది, మణికట్టు అదురుతుంది. ఈసారి కీచూ లేదు, అదురూ లేదు. అట్ట చిరగగానే సర్రున లోపలికి జారిపోయింది. సరుకు కరిగిందనుకుని సూది గుచ్చింది. మైనస్ ఇరవై రెండు.

సూదమ్మ అంకె వంక చూస్తూ ఉండిపోయింది. మెత్తగా ఉంటే అంత చల్లగా ఉండదు. అంత చల్లగా ఉంటే మెత్తగా ఉండదు. చాకు తీసి పెట్టె టేపు కోసేసింది. లోపలున్న ఆరు గడ్డల్లో ఒకటి పైకి తీసింది. అది జల్లెడలా ఉంది. పైనా, కిందా, పక్కలా కన్నాలే. ప్రతి కన్నమూ అంచు నుంచి సరిగ్గా నాలుగు వేళ్లు. రెండోది తీసింది, మూడోది తీసింది. అన్నీ అంతే. నెలల తరబడి చలిగాలికి ఎండి రొయ్యలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. పైనున్న అట్టపెట్టె మాత్రం కొత్తది, నలగనైనా నలగలేదు.

ఆ కన్నాలు ఎవరివో ఎవర్నీ అడగనక్కర్లేదు.

స్టూలు కాలితో అవతలికి తన్ని, సూదీ డ్రిల్లూ పట్టుకుని తిన్నగా కంటైనర్‌లోకి నడిచింది. తలుపు దగ్గరి వరుసలోంచి ఒక పెట్టె దింపించి గుచ్చింది. మైనస్ తొమ్మిది. నాలుగు వరుసలు తీయించి, లోపలిది గుచ్చింది. మైనస్ ఎనిమిదిన్నర. లోడింగు వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏరా, ఆ బల్ల మీది పెట్టె ఎప్పటిది?"

సూదమ్మ మళ్లీ అడగలేదు. కదలనూ లేదు. చివరికి అతనే చెప్పుకొచ్చాడు. మొదట్లో దురుద్దేశం ఏమీ లేదట. కన్నం పడ్డ పెట్టె ఓడెక్కదు. కంటైనర్‌కు మూడేసి పెట్టెలు తగ్గుతుంటే, వాటి బదులు వేరే తెచ్చి సర్దడం రోజూ తలనొప్పిగా ఉండేది. సరుకు ఎలాగూ బాగానే ఉంటోంది, వదిన ఎలాగూ సరేనంటోంది, ఆ పాత మూడే మళ్లీ పెడితే ఏం పోయింది అనుకున్నారు. చలిగాలి ఊదే ఫ్యాను ఎదురుగా ఒక మూల వాటిని దాచి, ప్రతిసారీ కొత్త అట్టపెట్టెలోకి మార్చి, గడ్డలు తిప్పి పెట్టి తెచ్చేవారు. ఈ మధ్య ఆర్డర్లు పెరిగాయి. గడ్డకట్టే గదిలో పది గంటలు ఉండాల్సిన సరుకును ఆరు గంటలకే తీసేయడం మొదలుపెట్టారు. వెనక్కి పంపేవాళ్లు లేరు కనుక అది వెచ్చగా ఉందని ఎవరికీ తెలియలేదు. ఇవాళ గడ్డ తిప్పడం మరిచిపోయారు, తిప్పడానికి ఖాళీ వైపు కూడా మిగల్లేదు.

"మరి మీటింగు రోజున నీకు తెలుసు కదా. బాబాయిని పంపించేస్తుంటే చూస్తూ ఎలా నిలబడ్డావు?"

"చెప్తే నీ పరువు పోతుందని ఊరుకున్నాను వదినా."

"నా పరువా, నీ ఉద్యోగమా?"

అతను తల దించుకున్నాడు. అసలు ఆ స్టూలు నీ వేళ్ల కోసమే కదా వేయించాను అని గొణిగాడు. సూదమ్మకు అందరి మీదకన్నా ఎక్కువ కోపం తన మీద తనకు వచ్చింది ఆ మాటకే. అది నిజం కాబట్టి.

మేనేజర్ ఆ కంటైనర్ దింపించడానికి మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు. పాత పెట్టెలు పారేయించి, అందర్నీ నాలుగు తిట్టి, ఇక మీదట జాగ్రత్త అన్నాడు. సూదమ్మ బాబాయి మాట ఎత్తేసరికి మేనేజర్‌కు ఫోను మీద ఫోను రావడం మొదలైంది. అన్నీ అయ్యేదాకా సూదమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"ఆ ఫైలు మూసేశామమ్మా. పైగా మీ షీటులో తప్పేముంది? చూసింది మైనస్ ఇరవై, రాసింది మైనస్ ఇరవై."

"చూసింది నిజమే సార్. కానీ నేను చూసిన పెట్టె ఓడ మొహం ఎరగదు."

అప్పుడు మేనేజర్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఆ ఒక్క షీటు తప్పని రాసిస్తే, ఏడాదిగా మీరు సంతకం పెట్టిన షీట్లన్నీ చిత్తుకాగితాలవుతాయి. మీ మరిది మేస్త్రీగిరీ పోతుంది. ఇకపై మీ పేరు విన్నవాళ్లెవరూ మీ అంకెను నమ్మరు. ఎవరికోసం ఇదంతా? రేపో మాపో రిటైరయ్యే ముసలాయన కోసమా?

సూదమ్మ అంత దూరం ఆలోచించలేదు. ఇంటికి పోయి మంచం మీద కూర్చుని ఆలోచించింది. ఏడాదిలో రెండువందల పైచిలుకు కంటైనర్లు. వాటిలో ఎన్ని బాగా చేరాయో, ఎన్ని దేవుడి దయవల్ల గట్టెక్కాయో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? అర డిగ్రీ కోసం మనుషుల్ని ఏడిపించిన తను, ఏడాదిపాటు మూడు ఎండు పెట్టెలకు సంతకాలు పెట్టింది. ఏడుపు రాలేదు. చేతికందిన దిండు తీసి గోడకేసి కొట్టింది. భర్త జోకు వేయబోయి ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

మర్నాడు పనిలోకి వెళ్లి, బాబాయిది తప్పు కాదని కంపెనీ రాసిచ్చేదాకా ఏ షీటు మీదా సంతకం పెట్టనంది. రెండు గంటల్లో చల్లబడుతుందిలే అనుకున్నాడు మేనేజర్. మూడు రోజులు చల్లబడలేదు. చలిగది బయట కంటైనర్లు బారులు తీరాయి. డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి విసిగి, కంటైనర్ నీడలో పేకాట మొదలుపెట్టారు. వేరే ఎవరిచేతనైనా సంతకం పెట్టిద్దామంటే, అవతలి దేశంలో కొనేవాళ్ల దగ్గర నమోదైంది ఆవిడ సంతకమొక్కటే. మరిది రెండుసార్లు వచ్చి నిలబడి వెళ్లిపోయాడు. తోడికోడలు మాత్రం గుమ్మంలోకొచ్చి, మా పొట్ట కొట్టి ఎవరి పొట్ట నింపుతావక్కా అని అడిగేసింది.

నాలుగో రోజు అవతలి దేశంలో కొనేవాళ్లకు ఉత్తరం వెళ్లింది. అందులో బాబాయి మిషను సరిగ్గానే పనిచేసిందని, సరుకే వెచ్చగా ఎక్కిందని కంపెనీ రాసింది. ఆ కింద సూదమ్మ తన చేత్తో ఒక వాక్యం రాసింది: నేను చూసిన పెట్టెలు నేను ఎంచుకున్నవి కావు, ఏడాదిగా లోపలికి వెళ్లి చూడలేదు. మేస్త్రీని దించి లోడింగులో మామూలు మనిషిని చేశారు. కొనేవాళ్లేమో ఆవిడ సంతకం పక్కన ఆరు నెలలపాటు ఇంకొకరి సంతకం కూడా ఉండాలన్నారు. ఎవరిదని అవతలివాళ్లను అడిగితే, మొదటే నిజం చెప్పిన మెకానిక్కు ఉన్నాడు కదా, ఆయనది అన్నారట.

బాబాయిని పిలవడానికి సూదమ్మే వెళ్లింది. ఆయన ఇంటి ముందు ఎవరిదో ఫ్రిజ్జు వెల్లకిలా పడుకోబెట్టి దాని వెనక మూత విప్పుతున్నాడు. ఆవిడ నిలబడే చెప్పింది.

"తప్పు నాది బాబాయ్. మీరు అడిగిన దానికి ఆ రోజే జవాబు చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు."

ఆవిడ తెచ్చిన ఉత్తరం నకలు ఆయన చదివాడు. రెండుసార్లు చదివాడు. మరలు ఒక మూతలో జాగ్రత్తగా పోసుకుని, ఈ ఫ్రిజ్జు సాయంత్రానికి ఇస్తానన్నాను, రేపు వస్తాను అన్నాడు. కూర్చోమనలేదు.

మర్నాడు వచ్చాడు. ఆ వచ్చాక కూడా ఇదివరకటిలా ఏదీ లేదు. మధ్యాహ్నం డబ్బా యార్డులోనే విప్పుకుంటాడు. అమ్మాయ్ అనే పిలుపు పోయింది. స్టూలును సూదమ్మ కట్టెల్లో వేయించింది. వాచిన వేళ్లకు రెండు జతల తొడుగులు వేసుకుని మళ్లీ తనే చలిగదిలోకి వెళ్తోంది, తనే ఎంచుతోంది, బయటికి వచ్చాక కాసేపు పెన్ను పట్టుకోలేకపోతోంది. ఎలాగో రాసి, సంతకం పెట్టి, షీటు బాబాయి ముందు పెడుతుంది. ఆయన అంకెలు చూడడు. జేబులోంచి పెన్ను తీసి, మూత తీయకుండా పట్టుకుని అడుగుతాడు.

"ఇవి మీరే లోపలికి వెళ్లి ఎంచారా?"

ఎన్ని కంటైనర్లు కదిలితే అన్నిసార్లు. ఒకే ప్రశ్న, ఒకే గొంతు. తొడుగుల మీద ఇంకా మంచు కరగకుండా ఉంటుంది, ఆయనకు కనపడుతూనే ఉంటుంది, అయినా అడుగుతాడు. సూదమ్మకు ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ప్రతిసారీ మంటను మింగి చెబుతుంది.

"నేనే వెళ్లి ఎంచాను బాబాయ్."

అప్పుడు ఆయన పెన్ను మూత తీస్తాడు.